కాలమును కొలుచు చిన్న మాటలు

పఠన భాగములు: నిర్గమకాండము 16:13–30, ద్వితీయోపదేశకాండము 24:10–15, మత్తయి 20:1–16, యాకోబు 5:1–8.



ఈ నెల పాఠమునకు మేము ఎన్నుకొనినది పెద్ద సిద్ధాంతము కాదు. ఒక మాటకు ముందు చేరి దాని కాలమును నిర్ణయించు చిన్న మాటలను గూర్చి ఈ పాఠము వ్రాయుచున్నాము. దినము అను మాటకు ముందు "అను" చేరిన అనుదినమగును. రాత్రికి ముందు "అర్ధ" చేరిన అర్ధరాత్రి యగును. వార్షికమునకు ముందు "అర్ధ" చేరినచో గడువు సగమగును. ఇవి రెండక్షరముల మాటలే గాని, వీటిని గమనింపక వ్రేలిముద్ర వేసినవాడు ఏండ్ల తరబడి అప్పు తీర్చుచుండును.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలోని మన గ్రామములు నేడు రెండు కాలముల మధ్య నున్నవి. ఒక ప్రక్క చెరువు క్రింది మడి, కార్తెల లెక్క, కోడికూతతో లేచుట. మరియొక ప్రక్క నాగపూరు రహదారి, రాజీవ్ రహదారి, బాహ్యవలయ రహదారి, గంట కొట్టగానే ఆరంభమగు కర్మాగారపు పని. 2016 అక్టోబరులో మేడ్చల్ పేరట జిల్లా ఏర్పడిన తరువాత కచేరి కాగితములు కూడ మన గుమ్మము దగ్గరకే వచ్చినవి. కాబట్టి కాలమును తెలుపు మాటలను మన పెద్దలును పిల్లలును సరిగా ఎరిగియుండుట అవసరము. వేదములో ఈ మాటలు ఎట్లు వాడబడెనో చూచుచు, మన పొలములో, సంతలో, కచేరిలో అవి ఎట్లు పనిచేయునో తెలిసికొందము.

1. "అను" అను మాట

ప్రభువు నేర్పిన ప్రార్థనలో మనము అనుదినాహారమును అడుగుచున్నాము. ఈ మాటలో "అను" అనగా వెంబడించు, ఒకదాని వెంట ఒకటిగా వచ్చు అని అర్థము. అనుచరుడనగా వెంట నడచువాడు. అట్లే అనుదినమనగా ఒక దినము వెంట మరియొక దినము. "ప్రతిదినము" అనినను ఇంచుమించు అదే భావము. కాని "ప్రతి" ఒక్కొక్క దినమును విడివిడిగా చూపును, "అను" దినముల వరుసను చూపును.

తెలుగులో ఇంత తేలికగా పలుకు ఈ మాట గ్రీకు మూలములో కఠినమైనది. అక్కడ నున్న మాట "ఎపియూసియోస్". "ఎపి" అనునది దాని ముందు చేరిన చిన్న మాట. మూడవ శతాబ్దపు పండితుడైన ఓరిగెను, ఈ మాట గ్రీకు ప్రజల వాడుకలో లేదనియు, సువార్తికులే దీనిని కూర్చిరని తోచుచున్నదనియు వ్రాసెను. కొందరు దీనికి "రాబోవు దినమునకు తగిన" అనియు, కొందరు "జీవించుటకు అవసరమైన" అనియు, కొందరు "ఈ దినమునకు చాలిన" అనియు అర్థము చెప్పిరి. లాతీనులోనికి తర్జుమా చేసిన జెరోము మత్తయిలో ఒక విధముగాను, లూకాలో మరియొక విధముగాను తర్జుమా చేసెను. ఒక్క చిన్న మాట విషయమై ఇంతటి పండితులు ఇన్ని శతాబ్దములు ఆలోచించిరనిన, మాట ముందు చేరు మాట ఎంత బరువు మోయునో గ్రహింపవచ్చును.

అయినను, ఏ అర్థము తీసికొనినను కొలత ఒకటే: ఒక దినపు కొలత. నిర్గమకాండము పదునారవ అధ్యాయములో మన్నాకు ఇదే కొలత యున్నది. ఏ దినపు బత్తెము ఆ దినమునకే కూర్చుకొనవలెను. మరునాటికి దాచుకొనినది పురుగు పట్టెను. ఆరవ దినమున మాత్రము రెండంతలు. ఏడవ దినమున ఏమియు లేదు. అరణ్యములోని ప్రజలు మొదట నేర్చిన కాలపు లెక్క ఇది. దినకూలి మీద బ్రదుకు కుటుంబమునకు ఈ లెక్కను ఎవరును వివరింపనక్కరలేదు.

2. మధ్యాహ్నమునకు ముందు, మధ్యాహ్నమునకు తరువాత

సంస్కృతములో పగటిని "అహస్సు" అందురు. దానికి ముందు చేరిన మాటలను బట్టి పూర్వాహ్ణము, మధ్యాహ్నము, అపరాహ్ణము, సాయాహ్నము ఏర్పడినవి. గడియారము మీదను, బస్సు నిలయపు పలకల మీదను కనబడు ఎ.ఎం., పి.ఎం. అను గుర్తులు కూడ ఇట్టివే. లాతీనులో "ఆంటె" అనగా ముందు, "పోస్ట్" అనగా తరువాత, "మెరీడియెమ్" అనగా మధ్యాహ్నము. అనగా ఎ.ఎం. మన పూర్వాహ్ణమునకును, పి.ఎం. మన అపరాహ్ణమునకును దగ్గరి చుట్టములు. మధ్యలో సూర్యుడున్నాడు, అతనికి ఇటు అటు ఉన్న కాలమే ఈ రెండును.

అయితే మన సూర్యుడును మన గడియారమును ఒక్కసారి మధ్యాహ్నమును చూపవు. 1906 జనవరి 1 నుండి అమలునకు వచ్చిన భారత ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించి యున్నది. మేడ్చల్ దానికి దాదాపు నాలుగు డిగ్రీలు పడమర నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున, గడియారము పన్నెండు కొట్టిన తరువాత సుమారు 16 నిమిషములకు గాని మన నడినెత్తికి పొద్దు రాదు. ఇది సంవత్సరపు సగటు లెక్క; ఋతువును బట్టి కొంత ముందు వెనుకలగును. నీడను చూచి వేళ చెప్పు ముసలివారిని పరిహసించు పిల్లలు ఈ సంగతి తెలిసికొనవలెను. గడియారము దేశమంతటికి ఒక వేళ చెప్పును. నీడ మన ఊరి వేళ చెప్పును.

దినము ఎక్కడ మొదలగుననుటలో కూడ తేడా యున్నది. యూదులు సూర్యాస్తమయముతో దినమును మొదలుపెట్టిరి. ఆదికాండము మొదటి అధ్యాయములో అస్తమయము ముందు, ఉదయము తరువాత చెప్పబడినది. మన పల్లెలలో పొద్దు పొడుపుతో దినము మొదలు. గడియారము అర్ధరాత్రితో మొదలుపెట్టును. ఈ భేదము చిన్నదని తలంపవద్దు. సికిందరాబాదులో రైలు ఎక్కవలసినవాని చీటీ మీద పదవ తేదీ 00:15 అని యున్నదనుకొనుడి. మన వాడుకలో అది తొమ్మిదవ తేదీ రాత్రి. పదవ తేదీ రాత్రి భోజనము చేసి మూట కట్టుకొని పోయినవానికి రైలు ముందటి రాత్రియే వెళ్లిపోయినదని తెలియును. చీటీ చేతికి రాగానే "ఇది ఏ రాత్రి?" అని అడిగి తెలిసికొనుట మంచిది.

వేదము చదువునప్పుడు కూడ ఈ జాగ్రత్త అవసరము. గ్రీకులో మూడవ గంట, ఆరవ గంట, తొమ్మిదవ గంట, పదునొకండవ గంట అని సూర్యోదయము నుండి లెక్కింపబడినది. మన తెలుగు తర్జుమాదారులు వాటిని మన గడియారపు లెక్కకు మార్చి తొమ్మిది, పండ్రెండు, మూడు, అయిదు గంటలుగా వ్రాసిరి. ఇంగ్లీషు వేదమును తెలుగు వేదముతో పోల్చి చదువు యౌవనులు ఇది తప్పనుకొనుట కలదు. అది తప్పు కాదు. లెక్క మొదలుపెట్టిన చోటు వేరు.

3. జాము, గడియ, విగడియ

గడియారము రాకముందు మన పెద్దలు పగలును రాత్రిని జాములుగా విభజించిరి. ఒక జాము మూడు గంటలు. దినమునకు ఎనిమిది జాములు. దినమంతటిని 60 గడియలుగా కూడ విభజించిరి. ఒక గడియ 24 నిమిషములు. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీళ్లలో విడిచి, అది నిండి మునుగు కాలమును గడియగా కొలిచెడివారు. గడియారమను మాట ఆ గడియ నుండి వచ్చినదే. ఇక గడియకు ముందు "వి" చేరిన విగడియ యగును. అది గడియలో 60వ వంతు, అనగా 24 సెకనులు. ఇక్కడ "వి" అను ఒక్క అక్షరము కాలమును అరువది పాళ్లు చేయుచున్నది.

రాత్రి జాముల విషయములో వేదము చదువరి ఒక సంగతి గమనింపవలెను. న్యాయాధిపతులు 7:19లో గిద్యోను శత్రువుల దండుపై పడినది నడిజాము మొదటి భాగమున. "నడి" అనగా నడిమి. నడిమిది ఒకటే ఉండవలెననిన జాములు మూడు కావలెను. పూర్వకాలమున ఇశ్రాయేలీయులు రాత్రిని మూడు జాములుగా లెక్కించిరి. సువార్తల కాలమునకు రోమీయుల లెక్క వచ్చెను. వారు నాలుగు జాములుగా విభజించిరి. అందుచేతనే మత్తయి 14:25లో నాలుగవ జాము కనబడుచున్నది. అది రాత్రి మూడు గంటలు మొదలు ఆరు గంటల వరకు, మనము తెల్లవారుజామని పిలుచు వేళ. రాత్రియంతయు ఎదురుగాలిలో తెడ్లు వేసి అలసిన శిష్యుల యొద్దకు ప్రభువు వచ్చిన వేళ అది.

నేటి శాస్త్రజ్ఞులు సెకనును ఇంకను చిన్న పాళ్లు చేసిరి. సెకనుకు ముందు "మిల్లీ" చేరిన వెయ్యవ వంతు. "మైక్రో" చేరిన పది లక్షలవ వంతు. "నానో" చేరిన వంద కోట్లవ వంతు. ఒక నానోసెకనులో వెలుగు సుమారు 30 సెంటీమీటర్లు, అనగా మూరకంటె తక్కువ దూరము ప్రయాణము చేయును. ఇవి మనకు పనికిరాని లెక్కలనుకొనవద్దు. ఉపగ్రహముల సహాయముతో భూమిని కొలుచు యంత్రములు వెలుగు వంటి తరంగములు ఎంతసేపటికి చేరెనో చూచి దూరమును లెక్కించును. ఆ లెక్కలో ఒక మైక్రోసెకను తప్పినచో 300 మీటర్లు తప్పును. గట్టు ఒక చోటను, హద్దురాయి మరియొక చోటను పడును.

4. "తొలి" యును "కడ" యును

యాకోబు తన పత్రికలో కృషీవలుని చూపి, తొలకరి వర్షము కొరకును కడవరి వర్షము కొరకును ఎదురుచూచువానివలె ఓపిక కలిగియుండుడని బోధించుచున్నాడు. ఈ రెండు మాటలును మన పొలముల మాటలే. మొదటిదానిలో "తొలి" ఉన్నది, రెండవదానిలో "కడ" ఉన్నది. తొలికోడి, తొలిచూలు, తొలిపంట. కడగొట్టు, కడసారి, కడవరి. అయితే ఇక్కడ ఒక చిక్కు. తొలకరి అనగానే మన కండ్లకు మృగశిర కార్తె కనబడును. జూన్ మొదటి వారము దాటగానే విత్తనములు సిద్ధపరచుకొందుము. యాకోబు చెప్పిన దేశములో జూన్‌లో వాన లేదు. అక్కడ తొలకరి అక్టోబరు, నవంబరు నెలలలో పడును. గోధుమ, యవలు విత్తు కాలమది. కడవరి వర్షము మార్చి, ఏప్రిల్ నెలలలో కోతకు ముందు పడి గింజను నింపును. కాబట్టి "తొలి" అనునది సంవత్సరమునకు తొలి కాదు, విత్తువానికి తొలి. "కడ" అనునది కోయువానికి కడ. ఈ రెంటి మధ్య దాదాపు అయిదారు నెలల ఎదురుచూపు కలదు. యాకోబు చెప్పిన ఓపిక కొలత అంతటిది.

మన రైతులు నెలలతో గాక కార్తెలతో వ్యవసాయము చేయుటకు మంచి కారణము కలదు. చాంద్రమాన సంవత్సరము 354 దినములు. సూర్యుని సంవత్సరము 365 దినములు. ఏటేటా 11 దినములు వెనుకబడును. దీనిని సరిచేయుటకు సుమారు 32, 33 నెలల కొకసారి ఒక నెలను అదనముగా చేర్చి, దాని పేరుకు ముందు "అధిక" అను మాటను, తరువాతి నెలకు "నిజ" అను మాటను తగిలింతురు. 2023లో అధిక శ్రావణము వచ్చి, తరువాత నిజ శ్రావణము వచ్చెను. కార్తెలు మాత్రము సూర్యుని నడకను బట్టి యుండును. 27 కార్తెలు, ఒక్కొక్కటి 13, 14 దినములు. అందుచేత మృగశిర ఏటేటా ఒకే వేళకు వచ్చును. యూదులకు కూడ ఈ చిక్కే కలిగెను. యవల వెన్నులు పండక ముందే పస్కా రాకుండునట్లు వారు ఎస్తేరు గ్రంథములో మనము చదువు అదారు నెలను కొన్ని సంవత్సరములలో రెండుసార్లు లెక్కించి, రెండవదానిని "రెండవ అదారు" అనిరి. 19 సంవత్సరములలో ఏడు సార్లు ఇట్లు చేయుట వారి క్రమము. ఎంతో దూరమున నున్న ఇద్దరు రైతులు ఒకే కష్టమునకు ఒకే మందు కనుగొనిరి.

5. ముందు, వెనుక

మన భాషలో "ముందు" అను మాట వింతైనది. "ముందటేడు వానలు లేవు" అనిన గడచిపోయిన కాలము. "ముందుముందు ఏమగునో" అనిన రాబోవు కాలము. "వెనుకటి కాలము" అనిన గతము. "నీవు పో, నేను వెనుక వత్తును" అనిన భవిష్యత్తు. మాట ఒకటే, కాలములు రెండు. హెబ్రీ భాషలోను ఇట్లే యున్నది. వారు "కెదెము" అను మాటను ఎదుటి దిక్కునకును, తూర్పునకును, పురాతన కాలమునకును వాడిరి. వెనుక అను అర్థముగల మాట నుండి పుట్టిన "అహరీతు" అను మాటను కడవరి కాలమునకు వాడిరి. జరిగినది కన్నుల యెదుట నున్నది గనుక ముందున్నది. జరుగబోవునది కనబడదు గనుక వీపు వెనుక నున్నది. పొలములో నాటు వేయు స్త్రీలు ఇట్లే నడతురు. వేసిన వరుస కన్నుల యెదుట, వేయవలసినది వీపు వెనుక.

మన ప్రాంతమున ఉరుదూ మాటలాడువారు నిన్నను రేపును కూడ "కల్" అందురు. మొన్నకును ఎల్లుండికిని కూడ "పర్సోఁ" అందురు. హైదరాబాదు వాడుకలో పర్సోఁ అనిన అది ఏండ్ల క్రిందటిది కూడ కావచ్చును. మనవారిలో కూడ "మొన్న" అనిన సరిగా రెండు దినముల క్రిందట అని కాదు. మాటలాడుకొనునప్పుడు ఇందువలన నష్టము లేదు. కాని బాకీ చెల్లించు విషయములోను, పెండ్లి మాటలలోను, వైద్యునితో రోగము చెప్పునప్పుడును "మొన్న", "ఎల్లుండి" అని విడువక తేదీ చెప్పవలెను. జ్వరము మొన్నటి నుండి అనుటకును, అయిదు దినముల నుండి అనుటకును వైద్యుడిచ్చు మందు వేరు కావచ్చును.

6. హాలీ, నయా, ఫసలీ

ఇంటి దూలములపై పాత పెట్టెలున్నవారు ఈ భాగమును శ్రద్ధగా చదువవలెను. నిజాము ప్రభుత్వములో చెల్లిన నాణెమును హాలీ సిక్కా అనిరి. "హాలీ" అనగా ప్రస్తుతపు, ఇప్పుడు చెల్లునట్టి అని అర్థము. 1950 దశకము ముగియునప్పటికి ఆ ప్రస్తుతపు నాణెము చెల్లని నాణెమైనది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసలు వచ్చినప్పుడు, పాత పైసలతో కలిసిపోకుండ వాటికి "నయా" అను మాట ముందు చేర్చిరి. ఏడేండ్లకే అవి పాతబడినవి. 1964 జూన్ 1న ప్రభుత్వము ఆ "నయా" ను తీసివేసెను. క్రొత్త, ప్రస్తుతము అను మాటలు ఎంత త్వరగా మాసిపోవునో ఈ రెండు నాణెములు చెప్పుచున్నవి.

ఫసలీ సంగతి వేరు. "ఫసల్" అనగా పంట. పంట శిస్తు కొరకు ఏర్పడిన ఈ సంవత్సరము నిజాము రాజ్యములో అక్టోబరులో మొదలయ్యెడిది. మన తాతల పట్టా కాగితములలో ఈ సంవత్సరములే కనబడును. ఫసలీ అంకెకు 590 కలిపిన, అది ఏ క్రీస్తు సంవత్సరములో ఆరంభమాయెనో తెలియును. ఉదాహరణకు 1317 ఫసలీ నాటి భూమి రెవెన్యూ చట్టము: 1317కు 590 కలుపగా 1907. అట్లే 1358 ఫసలీ 1948 అక్టోబరులో ఆరంభమాయెను. ఆ తరువాత 1954–55లో వ్రాసిన ఖాస్రా పహాణీ మన గ్రామములకు ముఖ్యమైన ఆధారము. 2020 అక్టోబరు 29న ధరణి పద్ధతి ఆరంభమైనది మన శామీర్‌పేట ప్రక్కనున్న మూడుచింతలపల్లిలోనే. 2025లో దాని స్థానమున భూభారతి వచ్చెను. పద్ధతులు మారుచుండును. కాని వివాదము వచ్చినప్పుడు అధికారి అడుగునది పాత కాగితమునే. ఫసలీ అంకె అర్థము కాలేదని ఏ కాగితమును పారవేయకుడి. ఇంటిలో చదువుకొన్న బిడ్డతో ఆ అంకెను మార్పించి, వెనుక పెన్సిలుతో క్రీస్తు సంవత్సరమును వ్రాయించుకొనుడి.

భూమిని గూర్చి లేవీయకాండము 25వ అధ్యాయములో ఒక గొప్ప కాలపు కొలత యున్నది. ఏబదియవ సంవత్సరమున అమ్మిన భూమి మొదటి కుటుంబమునకు మరల రావలెను. కాబట్టి సునాద సంవత్సరమునకు ఎన్ని యేండ్లున్నవో లెక్కించి, మిగిలిన పంటలను బట్టి వెల కట్టవలెను. అనగా వారు అమ్మినది భూమిని కాదు, పంటల లెక్కను. మన దేశపు చట్టములో అట్టి సునాదము లేదు. "శాశ్వత" అను మాట కాగితము మీద పడినచో అది మన మనుమల కాలమునకు కూడ శాశ్వతమే. కౌలునకును, తాకట్టునకును, అమ్మకమునకును గల భేదము ఇటువంటి కాలపు మాటలోనే యున్నది. సంతకమునకు ముందు ఆ మాటను వెదకి, వ్రేలు పెట్టి చూపుమని అడుగుట మన హక్కు.

7. నూటికి రెండు అనిన ఎంత?

ఇప్పుడు మిక్కిలి అవసరమైన చోటికి వచ్చుచున్నాము. మన ఊళ్లలో అప్పు అడుగువాడు, "మిత్తి ఎంత, పటేలా?" అని అడుగును. "నూటికి రెండు" అని జవాబు వచ్చును. ఇందులో కాలమును తెలుపు మాట లేదు. లేదని ఎవరును అడుగరు. అది నెలకని అందరికిని తెలుసును. అదే మనిషి బ్యాంకునకు పోయినప్పుడు "నూటికి పన్నెండు" అని విని బెదరి తిరిగివచ్చును. పన్నెండు రెండుకంటె ఎక్కువ గదా! కాని బ్యాంకు పన్నెండునకు ముందు "వార్షిక" అను మాట యున్నది. నెలకు నూటికి రెండనిన ఏడాదికి 24. నెలకు నూటికి ఒకటి యనిన ఏడాదికి 12. బెదరి వచ్చినవాడు ఒక రూపాయి మిత్తిని విడిచి రెండు రూపాయల మిత్తికి తెచ్చుకొనెను.

లెక్క చూడుడి. పదివేల అప్పునకు నూటికి రెండు చొప్పున నెలకు 200, ఏడాదికి 2,400, మూడేండ్లకు 7,200. అసలుతో కలిపి 17,200. ప్రామిసరీ నోటునకు 1963 నాటి పరిమితి చట్టము ప్రకారము మూడేండ్ల గడువు. ఆ గడువు దాటిన నోటుకు "కాలదోషము" పట్టినదందురు. అందుచేత మూడేండ్లు నిండకముందే అప్పిచ్చినవాడు నోటును తిరుగ వ్రాయించును. అప్పుడు అసలు పదివేలు కాదు, 17,200 అని పడును. నెలకు 200 పోయి 344 వచ్చును. మరి మూడేండ్లకు అది 29,584 అగును. తిరుగ వ్రాయకుండినయెడల ఆరేండ్లకు 24,400 మాత్రమే. తేడా 5,184 రూపాయలు. అది మిత్తికి పుట్టిన మిత్తి. కాబట్టి నోటు తిరుగ వ్రాయునప్పుడు అసలెంత, మిత్తి యెంత అని వేరువేరుగా చెప్పించుకొనవలెను. చెల్లించిన ప్రతి సొమ్మును తేదీతో నోటు వెనుక చెల్లు వేయించుకొనవలెను.

బడిలో త్రైమాసిక పరీక్షలు, అర్ధ సంవత్సర పరీక్షలు అని పిల్లలు చెప్పుచుందురు. ఆ మాటలే బ్యాంకు కాగితములలోను ఉండును. త్రైమాసికమనిన మూడు నెలల కొకసారి. నెలకు మూడుసార్లు కాదు. అర్ధ వార్షికమనిన ఆరు నెలల కొకసారి. ద్వైవార్షికమనిన రెండేండ్ల కొకసారి. పాక్షికమనిన పదునైదు దినముల కొకసారి. పిల్లలకు ఈ మాటలు ముందే తెలుసును గనుక, ఇంటిలో కాగితము చదువు పని వారికి అప్పగింపుడి.

8. పొద్దు గూకకముందే

మోషే ధర్మశాస్త్రము కూలి విషయములో ఒక్క కాలపు కొలతనే యెరుగును: ఆ దినము. బీదవాడైన కూలివాని కూలి సూర్యాస్తమయమునకు ముందే ఇయ్యవలెను. వాడు దానిమీదనే ప్రాణము పెట్టుకొని యుండును. వాని వస్త్రమును తాకట్టు పెట్టుకొనినను, పొద్దు గూకునప్పుడు తిరిగి ఇయ్యవలెను. రాత్రి కప్పుకొనుటకు వానికి వేరొకటి లేదు. మత్తయి 20లోని యజమానుడు కూడ సాయంకాలముననే కూలి ఇప్పించెను. ఆ సంత వీధిలో నిలిచినవారిని చూచినప్పుడు, తెల్లవారకముందే రహదారి కూడళ్లలోని అడ్డాలలో డబ్బా చేతబట్టుకొని నిలుచు మన వారిని జ్ఞాపకము చేసికొనక యుండలేము. అయిదు గంటలకు పిలువబడినవాడు ఒక్క గంట పనిచేసెను. వానికిని దినకూలి దొరకెను. ఏలయనగా వాని ఇంటిలో ఆకలి ఒక గంట ఆకలి కాదు, దినపు ఆకలి.

మన దేశములో 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము కూలి పక్షము దాటకుండ ఇయ్యవలెనని విధించెను. పక్షము మోషే చెప్పిన సాయంకాలముకంటె చాల పొడవు. అయినను గడువు అనునది ఒకటి వ్రాయబడినది. గడువు వ్రాయబడిన చోట అడుగుటకు హక్కు కలదు. వ్రాయబడని చోట "రేపు" అను మాట నెలలకొలది సాగును. ఇది యజమానులైన విశ్వాసులకు కూడ చెప్పుచున్నాము. మన సంఘములలో నేడు కూలి చేయువారు ఉన్నారు; కూలి ఇచ్చువారును ఉన్నారు; ఇల్లు కట్టించువారు, తోట పెట్టినవారు, మేస్త్రీ పని పట్టినవారు కలరు. అనుదినాహారము నడిగి మోకరించినవాడు లేచి, తన పనివానికి రేపు రమ్మని చెప్పుట తగదు. ఆ ప్రార్థనలోని మొదటి మాటను మన చేతులతో మనమే చెరిపివేసినట్లగును.

కూటములలో ఆలోచించుటకు ప్రశ్నలు

1. "అనుదినము", "ప్రతిదినము" అను మాటల భేదమేమి? మన్నా కొలతకు ఏ మాట తగును?

2. యాకోబు చెప్పిన తొలకరి మన తొలకరి కాదని తెలిసిన తరువాత, ఆ వచనములోని ఓపికను గూర్చి మీకు క్రొత్తగా ఏమి తోచుచున్నది?

3. మీ ఇంటిలో ఫసలీ సంవత్సరముగల కాగితములున్నవా? వాటిని క్రీస్తు సంవత్సరములోనికి మార్చుడి.

4. నూటికి మూడు రూపాయల మిత్తి అనిన వార్షిక వడ్డీ యెంత? ఇరువది వేలకు ఏడాదికి ఎంతగును? సంఘ యౌవనులు లెక్క కట్టి పెద్దలకు వివరింపవలెను.

5. మీరు ఎవరికైనను ఇయ్యవలసిన కూలి యున్నదా? ఏ దినమున ఇచ్చెదరు? దినము పేరు చెప్పుడి.